ఓటునాటి కూలి

వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలము కొండ ఎక్కువారికి ఆ దినపు విలువను వేరుగా చెప్పనక్కరలేదు. సంవత్సరమంతయు చందనపు పూతలో మరుగుపడియుండు వరాహలక్ష్మీనృసింహస్వామి నిజరూపము ఆ ఒక్క దినముననే భక్తులకు కానవచ్చును. తెల్లవారకమునుపే వరుసలో నిలిచినవారిలో ఓడరేవు కూలి ఉండును, రైల్వే గుమాస్తా ఉండును, ఉక్కు కర్మాగారమున రాత్రి షిఫ్టు ముగించుకొని తిన్నగా వచ్చినవాడును ఉండును. ఆ దినమునకు సెలవు కావలెనని అడుగుటకు ఎవ్వరును సంకోచింపరు. దేవుని పని గదా యని యజమానియు సాధారణముగా కాదనడు.

2024వ సంవత్సరమున ఆ చందనోత్సవము మే నెల 10వ తేదీ శుక్రవారము నాడు వచ్చినది. మూడు దినములు గడచిన పిమ్మట, మే 13వ తేదీ సోమవారము నాడు, ఆంధ్రప్రదేశమంతట లోక్‌సభకును శాసనసభకును ఒకేసారి పోలింగు జరిగినది. నిజరూప దర్శనము ఏడాదికొకమారు. సార్వత్రిక ఎన్నిక సాధారణముగా అయిదేండ్లకొకమారు. మొదటిదానికి సెలవు అడుగుట మనకు అలవాటైన పని. రెండవదానికి అడుగుట మాత్రము ఎందరికో దయాభిక్ష కోరుటవలె తోచును. ఓటు వేసి వచ్చుటకు ఒక గంట ఆలస్యమైనందుకు తలవంచుకొని పనిలోనికి అడుగుపెట్టువారిని మనమందరమును చూచియేయున్నాము. వాస్తవమునకు పండుగ సెలవు పెక్కు చోట్ల యజమాని మంచితనము మీద నిలిచియున్నది. ఓటునాటి సెలవు చట్టము మీద నిలిచియున్నది. ఈ భేదమును ఎరుగనివారు ఉద్యోగులలోను ఉన్నారు, యజమానులలోను ఉన్నారు. కావున ఆ హక్కు ఎంతవరకు ఉన్నదో, ఎచ్చట ఆగిపోవుచున్నదో ఇచ్చట వివరింపదలచితిని.

మన ఎన్నికలను నడిపించు ప్రధాన శాసనములలో ఒకటి 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టము. అందు 135-బి అను సెక్షను కలదు. ఇది మూలచట్టమున లేదు. 1996వ సంవత్సరపు సవరణ వలన చేరి, ఆ యేడు ఆగస్టు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఇందు నాలుగు మాటలున్నవి. చట్టపు భాష కొరుకుడుపడుట కష్టము గావున వానిని ఇంటి మాటలలో చెప్పుదును.

మొదటి మాట: వ్యాపారమున గాని, వర్తకమున గాని, పరిశ్రమలో గాని, మరి యే సంస్థలో గాని పనిచేయుచు, లోక్‌సభ ఎన్నికలోనో శాసనసభ ఎన్నికలోనో ఓటు వేయు అర్హత గల ప్రతి వ్యక్తికిని పోలింగు దినమున సెలవు ఇయ్యవలెను. రెండవ మాట: ఆ సెలవు ఇచ్చినందుకు జీతములో గాని కూలిలో గాని ఏమియు కోయరాదు. పనిచేసిన దినమునకే కూలి అను ఏర్పాటు మీద ఉన్నవానికి గూడ, ఆ దినమున పనిచేసియున్నచో ఎంత వచ్చెడిదో అంతయు చెల్లింపవలెను. మూడవ మాట: ఈ రెంటిలో దేనిని ఉల్లంఘించినను యజమానికి అయిదువందల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. నాలుగవ మాట: ఎవని గైరుహాజరు వలన, అతడు చేయుచున్న పనిలో, ప్రమాదము గాని గణనీయమైన నష్టము గాని కలుగవచ్చునో, అట్టి ఓటరుకు ఈ సెక్షను వర్తింపదు.

ఈ నాలుగింటిలో సెలవును గూర్చిన మొదటి మాటయే జనులకు కొంత తెలియును. కాని సెక్షనుకు ప్రాణము రెండవ మాటలో ఉన్నది. దానిని గ్రహించుటకు కొంచెము వెనుకకు పోవలెను.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టము క్రింద 1937లోను, 1946లోను శాసనసభలకు ఎన్నికలు జరిగినవి. అప్పుడు ఓటు అందరికిని లేదు. ఆస్తి, పన్ను, చదువు మొదలగు యోగ్యతలు గలవారికే ప్రధానముగా అది దక్కెను. 1933లో విశాఖపట్నము ఓడరేవు తెరువబడినప్పుడు అచ్చట బస్తాలు మోసినవారిలో పెక్కుమందికి ఓటుతో నిమిత్తమే లేకుండెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, తన 326వ అధికరణము ద్వారా, వయోజనులందరికిని ఓటు నిచ్చినది. 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల నాటికి మన ప్రాంతము మదరాసు రాష్ట్రములోనిది. ఆ ఎన్నికలలో ఓడ యజమానికిని, ఆ ఓడనుండి సరకు దింపు కూలికిని ఒకే విలువగల చీటి చేతికి వచ్చెను. నాడు ఓటునకు ఇరువదియొక్క ఏండ్లు నిండవలెను; 1989లో అమలైన అరువదియొకటవ రాజ్యాంగ సవరణ దానిని పదునెనిమిది ఏండ్లకు తగ్గించినది.

చీటి విలువ ఇరువురికిని ఒకటే. అయితే దానిని పెట్టెలో వేయుటకు ఇరువురును పెట్టు ఖర్చు ఒకటి కాదు. నెలజీతగాడు పోలింగు కేంద్రమునకు పోయి రెండు గంటలు వరుసలో నిలిచి వచ్చినచో, ఒకటవ తేదీన వచ్చు జీతములో మార్పుండదు. దినకూలి అదే రెండు గంటలు నిలిచినచో, ఉదయము అడ్డామీద పిలుపు తప్పిపోవును; పిలుపు తప్పినచో ఆ దినపు కూలి పోవును; కూలి పోయినచో ఆ సాయంకాలము కిరాణాకొట్టున అప్పు చెప్పవలసివచ్చును. అనగా ధనవంతునకు ఉచితముగా లభించు ఓటును పేదవాడు ఒక దినపు కూలి చెల్లించి కొనుక్కొనవలసియుండెను. రాజకీయములందు సమానత్వమును, ఆర్థిక జీవనమున అసమానత్వమును పక్కపక్కన ఉంచుకొని ఈ రిపబ్లిక్కు ప్రారంభమగుచున్నదని 1949 నవంబరులో డాక్టరు అంబేద్కరు రాజ్యాంగ సభను హెచ్చరించియుండెను. ఆ వైరుధ్యము ఎంత చిన్న విషయమున బయటపడునో పోలింగునాటి అడ్డాలో చూడవచ్చును.

ప్రజా ప్రాతినిధ్య చట్టము 1951 నాటిది. ఈ హామీ అందు చేరినది 1996లో. నడుమ నలువదియైదు ఏండ్లు గడచినవి. పోలింగు దినమును రాష్ట్ర ప్రభుత్వములు 1881 నాటి నెగోషియబులు ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము క్రింద సెలవు దినముగా ప్రకటించుట మనకు పరిచితమే. దాని వలన బ్యాంకులు మూయబడును. కాని ఆ ప్రకటన ప్రతి దుకాణదారుని, ప్రతి కాంట్రాక్టరును దానంతట అది కట్టివేయదు. ఆ లోటును పూరించునది 135-బి సెక్షను.

ఇది ఆచరణలో ఎట్లుండునో తెలిసికొనుటకు మన విశాఖ పరిసరముల నుండియే ముగ్గురిని ఊహించుకొందము. మూడవవారిని గూర్చి చివర చెప్పుదును.

మొదటివాడు ఓడరేవునకు చేరువలోని గిడ్డంగిలో ఒక కాంట్రాక్టరు క్రింద లారీలకు సరకు ఎత్తు కూలి. సింహాచలము దిగువన చిన్న గది అద్దెకు తీసికొనియున్నాడు గాని, అతని పేరు ఓటర్ల జాబితాలో శ్రీకాకుళము జిల్లాలోని స్వగ్రామమున ఉన్నది. ఎన్నిక వచ్చినది. అతడు కాంట్రాక్టరు నొద్దకు పోయి, "బాబూ, ఊరెళ్ళి ఓటేసి వస్తాను" అనును. కాంట్రాక్టరు చెడ్డవాడు కాకపోవచ్చును. "వెళ్ళిరా నాయనా, ఎవరొద్దన్నారు? అయితే పనిలోకి రాని రోజుకి కూలెక్కడిది?" అనును. ఈ మాటలో ఆయనకు అన్యాయమేమియు కనబడదు. కూలియు దానిని అంగీకరించి తలయూపును.

చట్టము అంగీకరింపదు. పనిలేని దినమునకు కూలి లేదను ఏర్పాటు మీద ఉన్నవానినే ఉద్దేశించి రెండవ ఉపసెక్షను ఆ వాక్యమును వ్రాసినది. దినకూలీలకును, తాత్కాలికముగా పనిచేయువారికిని ఈ హక్కు కలదని ఎన్నికల సంఘము తన ప్రకటనలలో పలుమార్లు స్పష్టము చేసినది. పనిచేయు చోటు ఒక నియోజకవర్గమునను, ఓటు వేరొక నియోజకవర్గమునను ఉన్నను హక్కు పోదనియు ఆ సంఘమే చెప్పినది. కావున మన కూలి ఊరు పోయి ఓటు వేసినను ఆ దినపు కూలి అతనికి రావలసినదే.

రాష్ట్రము దాటినవారి మాటయు ఇంతియే. 2024లో తమిళనాటి పోలింగు ఏప్రిల్ 19వ తేదీన ముగిసినది. మే 13వ తేదీ చెన్నపట్టణమున మామూలు పనిదినము. అయినను అచ్చట పనిచేయుచు ఉత్తరాంధ్రలో ఓటున్న తెలుగువానికి ఆ దినమున సెలవు పొందు హక్కు కలదు. అట్లే 2023 నవంబరు 30వ తేదీన తెలంగాణలో శాసనసభ పోలింగు జరిగినప్పుడు మన విశాఖలో అది మామూలు గురువారము. ఇచ్చట పనిచేయు తెలంగాణ ఓటరుకు మాత్రము అది సెలవు కావలసిన దినము. అయితే ఒక మాట. చట్టము ఇచ్చునది పోలింగు దినమును మాత్రమే. చెన్నపట్టణము నుండి విశాఖకు రాత్రియంతయు రైలు ప్రయాణము. రానుపోను దినములను గూర్చి సెక్షనులో ఒక్క అక్షరము లేదు. దూరపు వలసకూలికి హక్కు ఉండియు అది చేతికందకుండుట ఇందువలననే.

రెండవవాడు ఉక్కు కర్మాగారమున పనిచేయువాడు. విశాఖ ఉక్కు కర్మాగారమున గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను పేర్లు గల మూడు బ్లాస్టు ఫర్నేసులున్నవి. పేర్లు చల్లనివే గాని లోపలి వేడిమి ఇనుమును నీరుగా కరగించునది. అట్టి కొలిమిని దీపమువలె సాయంకాలము ఆర్పి ఉదయము వెలిగించుటకు వీలుపడదు. కోకు ఓవెనుల సంగతియు అంతే. వాని లోపలి గోడలు సిలికా ఇటుకలతో కట్టబడినవి. ఆ ఇటుకలు చల్లబడినచో పగుళ్ళు వారును. అచ్చట వేడిమిని కాచుకొనియుండు మనిషి ఒక్క షిఫ్టు రానిచో నష్టము కోట్లలోనికి పోవచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును. నాలుగవ ఉపసెక్షను ఇట్టివారిని గూర్చినది. ఆసుపత్రిలో రోగుల ప్రక్కన ఉండు నర్సు, అగ్నిమాపక దళమువారు, రైళ్ళను కాచు సిగ్నలు ఉద్యోగి మొదలగువారు గూడ ఈ కోవకు చెందుదురు.

అయితే ఆ ఉపసెక్షనును జాగ్రత్తగా చదువవలెను. అది మినహాయించినది ఓటరును, కర్మాగారమును కాదు. ఒక ఫర్నేసు ఆగరానంత మాత్రమున ఆ ఆవరణలోని ప్రతి గుమాస్తాయు, ప్రతి తోటమాలియు సెలవునకు అనర్హులు కారు. ఆ యొక్క మనిషి లేనిచో ఆ యొక్క పనిలో ప్రమాదమో గణనీయమైన నష్టమో కలుగునా అనునదే ప్రశ్న. అమ్మకము తగ్గునని బట్టల దుకాణదారుడును, బేరము పోవునని ఫలహారశాల యజమానియు ఈ మినహాయింపును వాడుకొనజూచినచో, ఇక సెక్షనులో మిగులునది ఏమియు ఉండదు.

మరియొక సంగతి. మినహాయింపు వలన పోవునది సెలవు, ఓటు కాదు. 2024లో మన రాష్ట్రమున చాల చోట్ల ఉదయము 7 గంటల నుండి సాయంకాలము 6 గంటల వరకు పోలింగు జరిగినది. ఉదయము 6 గంటలకు పనిలో దిగి మధ్యాహ్నము 2 గంటలకు బయటపడు షిఫ్టువానికి ఇంకను నాలుగు గంటల వ్యవధి ఉండును. మధ్యాహ్నపు షిఫ్టువానికి ఉదయమంతయు ఖాళీ. రాత్రి షిఫ్టువాడు ఇంటికి పోవు దారిలో ఓటు వేసి నిద్రపోవచ్చును. ముగింపు గంట కొట్టునప్పటికి వరుసలో నిలిచియున్నవారందరికిని ఓటు వేయు అవకాశము ఇయ్యవలెనను నియమమును కలదు. అధికారులు ముందుగా పట్టిక వేసికొన్నచో కొలిమియు ఆరదు, ఓటును పోదు. పోలింగు నాడు ప్రసారము గూడ ఆగరానిదే గావున మా వృత్తిలో ఈ సర్దుబాటు మాకు అలవాటు. ఒకరు ఓటు వేసి వచ్చువరకు మరొకరు మైకు ముందు కూర్చుందురు. ఇందువలన శ్రోతలకు లోటేమియు కలుగదు.

ఎన్నికల సంఘము నోటిఫై చేసిన అత్యవసర సేవలలో పనిచేయుచు, పోలింగు నాడు విధి వదలి రాలేనివారికి పోస్టలు బ్యాలటు సౌకర్యమును ఏర్పాటు చేసిరి. ఇది 2019లో నియమములను సవరించిన పిమ్మట వచ్చినది. 12-డి అను నమూనాలో దరఖాస్తు చేసికొన్నచో, పోలింగునకు ముందుగనే నిర్ణయించిన దినములలో, ప్రత్యేక కేంద్రమునకు పోయి ఓటు వేయవచ్చును. అయితే ఎన్నికల నోటిఫికేషను వెలువడిన అయిదు దినములలోపల ఆ దరఖాస్తు చేరవలెను. ఎన్నిక దగ్గరపడిన తరువాత మేల్కొనువానికి ఈ సౌకర్యము అందదు.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు విప్పుకొనిరో చూచుట ఆసక్తికరము. అమెరికాలో నవంబరు నెల మొదటి సోమవారము తరువాతి మంగళవారము నాడు అధ్యక్షుని ఎన్నిక జరుగును. ఈ ఏర్పాటు 1845 నాటి చట్టముది. నాటి ఓటర్లలో అధికులు రైతులు. పంట ఇంటికి చేరిన పిమ్మట, ఆదివారము ప్రార్థనలకు అడ్డురాకుండ, బండి కట్టుకొని పట్టణము చేరుటకు మంగళవారము అనుకూలముగా ఉండెను. నేటి కార్యాలయములవారికి మంగళవారము మంచి పనిదినము. అయినను దేశమంతటికి వర్తించు ఓటుసెలవు చట్టము అచ్చట లేదు. ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క పద్ధతి. మన తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన కాలిఫోర్నియాలో, పనివేళలకు వెలుపల ఓటు వేయుటకు తగిన వ్యవధి లేని ఉద్యోగి, జీతము కోత లేకుండ రెండు గంటల వరకు అనుమతి పొందవచ్చును. కెనడాలో పోలింగు వేళలలో ఏకధాటిగా మూడు గంటల వ్యవధి ఓటరుకు చిక్కునట్లు యజమాని చూడవలెను. జపానులో సాధారణముగా ఆదివారము నాడు ఎన్నికలు జరిపెదరు. బ్రిటనులో గురువారము నాడు పోలింగు జరుగును. సెలవు ఇయ్యవలెనను చట్టము లేదు గాని, ఉదయము 7 నుండి రాత్రి 10 గంటల వరకు తలుపులు తెరచి ఉంచెదరు.

వీనితో పోల్చినచో రెండు మూడు గంటలు గాక పూర్తి దినమును, దానితో కూలిని గూడ ఇచ్చుచున్న మన చట్టము మిక్కిలి ఉదారమైనది. కాని కాగితము మీద దినము ఇచ్చి ఆచరణలో గంటయైనను ఇయ్యకుండుటకంటె, రెండు గంటలు చెప్పి రెండు గంటలును ఇచ్చుట మేలని ఎవరైన అన్నచో వారిని తప్పుపట్టలేము. మన సెక్షనులోని బలహీనతలను గూడ దాచక చెప్పవలెను.

మొదటిది జరిమానా. 1996లో వ్రాసిన అయిదువందల రూపాయలు నేటికిని అయిదువందలే. నేడు నగరమున ఒక తాపీమేస్త్రీ దినకూలియే అంతకు మించును. వందమంది పనిచేయు చోట, ఒక దినము పని ఆపుటకంటె జరిమానా కట్టుటయే చవుక యని యజమాని లెక్కవేసికొన్నచో ఆ లెక్క తప్పు కాదు; చట్టమే ఆ లెక్కకు తావిచ్చుచున్నది.

రెండవది ఎన్నికల పరిధి. సెక్షను పేర్కొన్నవి లోక్‌సభయు శాసనసభయు మాత్రమే. శాసనమండలి ఎన్నిక, పంచాయతీ ఎన్నిక, పురపాలక ఎన్నిక ఇందు లేవు. 2021 మార్చి 10వ తేదీన మహా విశాఖ నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగినవి. అట్టి సందర్భములలో రాష్ట్ర ప్రభుత్వము వెలువరించు ఉత్తర్వులే ఆధారము. వీధిలోని కుళాయిని, కాలువను చూచు సభ్యుని ఎన్నుకొను దినమునకు, ఢిల్లీకి పోవు సభ్యుని ఎన్నుకొను దినమునకున్నంత రక్షణ లేకుండుట విచిత్రము.

మూడవది యజమానియే లేనివారి సంగతి. సింహాచలము కొండ దిగువన సంపెంగపూలు అమ్ము అమ్మకును, కొబ్బరికాయల బండివానికిని, ఆటో నడుపువానికిని సెలవు ఎవరు ఇత్తురు? కూలి ఎవరు కట్టి ఇత్తురు? వారికి చట్టము చేయగల సాయము ఒక్కటే. పోలింగు కేంద్రము దగ్గరలో ఉండవలెను, వరుస త్వరగా సాగవలెను. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడువనక్కర లేకుండ కేంద్రములను ఏర్పాటు చేయవలెనను నియమమునకు విలువ ఇట్టివారి యెడల తెలియును. వరుసలో మిగిలిన ప్రతి అరగంటయు వారికి బేరము మిగిలిన అరగంట.

ఇన్ని లోపములున్నను హక్కు హక్కే. దానిని వాడుకొనుటకు కొన్ని జాగ్రత్తలు చాలును. మొట్టమొదట, ఓటర్ల జాబితాలో పేరు ఉన్నదో లేదో చూచుకొనవలెను. అర్హత గల ఓటరుకే సెలవు గాని, ఓటు లేనివానికి ఈ సెక్షను లేదు. తరువాత, నాలుగు దినములు ముందుగా యజమానికి మర్యాదగా తెలియజేయవలెను. కూలి కోసినచో కార్మిక శాఖవారికి గాని, జిల్లా ఎన్నికల అధికారియైన కలెక్టరుకు గాని తెలుపవచ్చును; ఓటర్ల సహాయమునకు 1950 అను టెలిఫోను నంబరు కలదు. వ్రేలి మీది సిరా గురుతు చూపినగాని కూలి ఇయ్యనని కొందరు పట్టుపట్టుట కలదు. సెక్షనులో అట్టి షరతు లేదు. ఇక ఎవరికి వేసితివని అడుగుటకు ఏ యజమానికిని అధికారము లేదు. అది రహస్యము, కూలి చెల్లించినంత మాత్రమున ఆ రహస్యము అమ్ముడుపోదు.

హక్కునకు మరియొక ప్రక్క గలదు. 2024లో పోలింగు సోమవారము నాడు వచ్చుట వలన శనివారము నుండి వరుసగా మూడు దినములు కొందరికి తీరిక దొరకెను. ఓటు కొరకు ఇచ్చిన సెలవును అరకు విహారమునకు వాడుకొని, సాయంకాలము ఇంటికి వచ్చి ఫలితములను గూర్చి జోస్యము చెప్పువారు మన మధ్య లేకపోలేదు. కూలి పోవునని భయపడుచునే వరుసలో నిలిచిన మనిషిని ఒక్కసారి తలచుకొన్నచో, ఆ విహారమును మరునాటికి వాయిదా వేసికొనుట కష్టము కాదు.

ఇక మూడవవారు. ఆమెను మీరు ప్రతి ఉదయమును చూచుచునేయున్నారు. ఈ ప్రసంగము వినబడునప్పుడు ఆమె మీ ఇంటి వెనుకనే గిన్నెలు తోముచుండవచ్చును. సెక్షను వ్యాపారము, వర్తకము, పరిశ్రమ, సంస్థ అనినది. ఇల్లు ఈ నాలుగింటిలో ఏదియు కాదు. ఇంటిపని చేయు స్త్రీకిని, వంటమనిషికిని, ఇంటి కారు నడుపువానికిని ఈ సెక్షను ఆసరా యగునని గట్టిగా చెప్పలేము. తనిఖీకి వచ్చు అధికారి మన వంటింటి గడప దాటి రాడు. అనగా కర్మాగారపు యజమాని మీద చట్టము ఉంచిన బాధ్యత, మన ఇండ్లలో మన మనస్సాక్షి మీదనే ఉన్నది.

ఆమెకు సెలవు నిరాకరించుట మన ఉద్దేశము కాకపోవచ్చును. "పని చేసి తొందరగా వెళ్ళి ఓటేసుకో" యని మనము అనుటయు కద్దు. కాని ఆమె నాలుగు ఇండ్లలో పని ముగించునప్పటికి మధ్యాహ్నమగును. అప్పటికి ఎండ మండుచుండును, వరుస పెరిగియుండును, ఇంటివద్ద పిల్లలు ఆకలితో ఉందురు. ప్రతి ఇంటివారును కాదనకపోయినను ఓటు మాత్రము పడదు. కూలి కోయుదురను మాట ఎవ్వరును అనకపోయినను, అడిగినచో కోయుదురేమో యను భయము ఆమెను ఆపును. కాంట్రాక్టరు నొద్ద నిలిచిన కూలికిని, మన పెరటిలోని ఆమెకును ఉన్న భయము ఒకటే.

ఈ భయమును తీర్చుటకు పార్లమెంటు సవరణ అక్కరలేదు. పోలింగునకు ముందునాటి సాయంకాలము ఇంటి ఇల్లాలు ఒక్క మాట చెప్పినచో చాలును: "రేపు పనిలోకి రాకమ్మా. పొద్దున్నే వెళ్ళి ఓటు వేసుకో. జీతంలో ఏమీ తగ్గించను." ఆమె అడుగకముందే ఈ మాట చెప్పవలెను; అడిగించుకొని ఇచ్చినచో హక్కు మరల దయగా మారిపోవును. మరునాడు పోలింగు కేంద్రమున ఆమె మనకు ముందుగనే వరుసలో కనబడవచ్చును. ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఆ పూట గిన్నెలు మనమే తోముకొందము.